డ్రమ్ స్టిక్కులు మార్చవలసిన సమయాన్ని ఎలా గుర్తించాలి?

మీరు అడిగిన దానిని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. గుంటూరులో పదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి ఏడాదికి పైగా ఆదివారం ఆరాధనలో డ్రమ్స్ వాయిస్తోంది. డ్రమ్ సెట్టు చర్చిది, స్టిక్కులు మాత్రం సొంతం. మొదట కొన్న 5ఏ (మధ్యస్థమైన లావు) హికరీ కర్ర జతనే ఇప్పటికీ వాడుతోంది. టిప్‌ల దగ్గర, అంటే దెబ్బ వేసే కొసల దగ్గర, పీచు లేచింది, నడుమ భాగంలో గంట్లు పడ్డాయి, అయినా రెండూ విరగలేదు. విరిగేదాకా వాడుకోవచ్చని దుకాణంలో చెప్పారు. నెలకొక జత మార్చవలసిందేనని క్వయిర్‌లో గిటారు వాయించే అన్నయ్య అంటున్నాడు. ఈ మధ్య అమ్మాయి మణికట్టు నొప్పి అంటోందని, అది స్టిక్కుల వల్లేనా అని కూడా మీరు అడిగారు.

ఆ రెండు సలహాల్లో దేనినీ పాటించవద్దని చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను. నేను విజయవాడలో చాలా కాలంగా డ్రమ్స్ నేర్పుతూ, కచేరీలలో వాయిస్తూ ఉన్నాను. నేను చూసినంతలో స్టిక్కు విరగడం అన్నది దాని పని అయిపోయిన చాలా రోజులకు జరిగే సంగతి. అంతకు ముందే అది శబ్దాన్ని చెడగొడుతుంది, డ్రమ్ మీద బిగించిన పొరను, అంటే హెడ్‌ను, చెడగొడుతుంది, వాయించేవారి చేతికి లేనిపోని అలవాట్లు నేర్పుతుంది. ఇక క్యాలెండరు చూసి మార్చడమంటే డబ్బు దండగ. మెల్లని కీర్తనలకు టిప్‌తో మాత్రమే వాయించే మనిషి దగ్గర ఒక జత నెలల తరబడి నిలుస్తుంది. అదే జత, ప్రతి దెబ్బనూ రిమ్ షాట్‌గా, అంటే హెడ్‌కూ డ్రమ్ అంచుకూ ఒకేసారి తగిలేలా, కొట్టే కుర్రవాడి చేతిలో ఒక్క రాత్రి కార్యక్రమానికే పీచు పీచు అయిపోవచ్చు. కాబట్టి రోజులు లెక్కపెట్టకుండా స్టిక్కును చూసి, తడిమి, విని నిర్ణయించాలి. స్టిక్కులో ఒక్కో భాగం ఒక్కో రకంగా అరుగుతుంది, అన్నింటికీ ఒకే తీర్పు చెల్లదు.

ముందు చూడవలసింది టిప్‌ను. స్టిక్కు మొత్తంలో శబ్దాన్ని ముఖ్యంగా పుట్టించేది ఆ చిన్న ఉబ్బెత్తు చివరే. అది గట్టిగా, నున్నగా ఉన్నంతకాలం రైడ్ సింబల్ (లయ నడపడానికి వాయించే పెద్ద కంచు తాళం) మీద చాలా తక్కువ చోట మాత్రమే తగిలి వెంటనే పైకి లేస్తుంది, అందువల్ల ప్రతి దెబ్బా విడివిడిగా, స్పష్టంగా వినిపిస్తుంది. పీచు లేచిన టిప్ మెత్తబడుతుంది, తగిలే చోటు వెడల్పవుతుంది, తగిలిన తరువాత పైకి లేవడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది. దానితో పై స్థాయి ధ్వనులు అణగిపోయి, దెబ్బ ఎక్కడ పడిందో తెలియని మోత ఒకటి మిగులుతుంది. ఇది ఒక్కసారిగా జరగదు గనుక వాయించేవారి చెవి ఆ మార్పుకు అలవాటు పడిపోతుంది. సింబల్ పాతదైపోయిందని అనుకుంటారు, లేదా మైకు సెట్టు చూసే అబ్బాయిని ట్రెబుల్ పెంచమని అడుగుతారు. స్టిక్కు మీదికి మాత్రం అనుమానం పోదు.

ఈ మార్పును పట్టుకోవడానికి తేలికైన మార్గం ఒకటుంది. రైడ్ మీద ఒకే చోట, ఒకే బలంతో కుడి చేతి స్టిక్కుతో నాలుగు దెబ్బలు, వెంటనే ఎడమ చేతి స్టిక్కుతో నాలుగు దెబ్బలు కొట్టమనండి, మీరు కొంచెం దూరంగా కళ్ళు మూసుకుని కూర్చొని వినండి. రెండు చేతుల శబ్దానికీ తేడా తెలిసిందంటే, చేతులు మార్చకుండా స్టిక్కులను మాత్రం అటుదిటు మార్చి మళ్ళీ అలాగే కొట్టమనాలి. తేడా కూడా స్టిక్కుతోపాటే అటు మారితే తప్పు చేతిది కాదని తేలిపోతుంది. పిల్లలకు నేర్పేటప్పుడు నేను ఈ పరీక్ష తప్పకుండా చేయిస్తాను, ఎందుకంటే ఎడమ చేయి బలహీనంగా ఉందని వాళ్ళు నెలల తరబడి బాధపడిన తరువాత, నిజానికి ఆ చేతిలోని టిప్ చితికిపోయి ఉందని తేలిన సందర్భాలు ఉన్నాయి.

కంటికి కనిపించని పీచును పట్టడానికి దూది వాడండి. పత్తి సీమలో ఉన్న మీకు దానికి కొరత ఉండదు. చిటికెడు దూదిని పల్చగా విడదీసి, టిప్ మీద ఆనించి, టిప్‌ను చుట్టూ తిప్పుతూ దూదిని మెల్లగా పక్కకు లాగాలి. దూది జారిపోతే టిప్ బాగున్నట్టు. ఒకటి రెండు పోగులు చిక్కుకుంటే పైనున్న లక్క పూత పోయి కర్ర బయటపడుతోందని అర్థం, ఇంకా కొన్నాళ్ళు వాడుకోవచ్చు. దూది కుచ్చుగా పట్టుకుని ఊడి వచ్చిందంటే మాత్రం ఆ టిప్‌తో సింబల్ మీద గానీ హెడ్ మీద గానీ ఇక వాయించకూడదు. పెచ్చు ఊడి ఒక పక్క చదునుగా, అంచు పదునుగా మారిన టిప్ ఇంకా ప్రమాదకరం. డ్రమ్ సెట్లలో మామూలుగా కనిపించే ఒంటి పొర హెడ్ మందం మిల్లీమీటరులో పావు వంతు మాత్రమే. దాని మీద పదునైన అంచు పదే పదే ఒకే చోట పడితే మొదట పైన ఉన్న తెల్లని పూత లేస్తుంది, తరువాత సన్నని నొక్కులు పడతాయి, ఆ నొక్కుల దగ్గరే ఒకనాడు చిరుగుతుంది. హెడ్ ఖరీదు స్టిక్కుల జత కంటే ఎక్కువే ఉంటుంది, పైగా మీ విషయంలో ఆ హెడ్ చర్చిది. అక్కడ ఎలక్ట్రానిక్ సెట్టు ఉన్నట్టయితే ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే దాని మీద వల అల్లిక హెడ్‌లు ఉండవచ్చు, అలా ఉంటే టిప్ పీచు ఆ అల్లికలోని పోగులను పట్టుకుని లాగేస్తుంది.

నైలాన్ టిప్‌ల సంగతి వేరు. అమెరికాలో జో కలాటో అనే డ్రమ్మరు 1958లో వీటిని తీసుకువచ్చాడు, కర్ర టిప్‌లు త్వరగా అరిగిపోవడమే దానికి కారణం. ఇవి కర్ర టిప్‌ల కంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తాయి, రైడ్ మీద పదునైన శబ్దాన్ని ఇస్తాయి. అయితే కర్ర టిప్ మెల్లగా అరుగుతూ ముందుగానే తన పరిస్థితి తెలియజేస్తుంది, నైలాన్ టిప్ మాత్రం చివరి దాకా బాగున్నట్టే కనిపించి ఉన్నట్టుండి ఊడిపోతుంది. ఊడిన టిప్ ఎటు ఎగురుతుందో తెలియదు, ఎదురుగా పాడేవారి కంట్లో పడవచ్చు. టిప్ పోయిన తరువాత మిగిలిన సన్నని కర్ర మొన తరువాతి దెబ్బకే హెడ్‌ను గుచ్చుతుంది. అందువల్ల నైలాన్ టిప్ వాడేవారు వాయించడానికి కూర్చునే ముందు ప్రతిసారీ టిప్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని మెలిపెట్టి చూడాలి. అది కొంచెం కదిలినా, చెవి దగ్గర పెట్టి తడితే సన్నగా టకటకమన్నా, మెడ దగ్గర వెంట్రుకవాసి బీట కనిపించినా ఆ స్టిక్కును పక్కన పెట్టేయాలి. జిగురుతో అతికించుకుని వాడేవారిని చూశాను. ఆ అతుకు ఇంట్లో సాధనకు నిలుస్తుందేమో గానీ నలుగురి మధ్య వాయించడానికి దాన్ని నమ్మకూడదు.

టిప్ తరువాత, స్టిక్కు సన్నబడటం మొదలయ్యే చోటు ఉంది కదా, దాన్ని షోల్డర్ అంటారు. హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే సింబళ్ళ జంట) అంచున, క్రాష్ (గట్టి దెబ్బకు వాడే సింబల్) అంచున తగిలేది ఇదే. సింబల్ అంచు మిల్లీమీటరుకు అటూ ఇటూ మందం ఉండే కంచు రేకు, దాని మీద బలంగా కొట్టిన ప్రతిసారీ కర్రలో ఒక సన్నని గాటు పడుతుంది. షోల్డర్ దగ్గర చిన్న చిన్న గాట్లు పడి పొట్టు రాలడం సహజమే, దానికి భయపడనవసరం లేదు. వాయించేవారి ఎదురుగా ఉండే స్నేర్ డ్రమ్ కింద నేల మీద రాలిన ఆ పొట్టు చూసి కంగారు పడే తల్లిదండ్రులకు నేను చెప్పేది కూడా అదే. అయితే గాట్లు అన్నీ ఒకే పక్కన చేరి, ఆ పక్క లోతుగా తినేసినట్టయితే స్టిక్కు అక్కడే విరుగుతుంది. దానికి తోడు ముందు భాగంలో కర్ర పోవడం వల్ల స్టిక్కు తూకం వెనక్కి జరుగుతుంది, చేతిలో ముందు వైపు తేలికైపోతుంది. 5ఏ హికరీ స్టిక్కు ఒక్కొక్కటి సుమారు 50 గ్రాములు ఉంటుంది. అందులో ముందు కొస నుంచి రెండు మూడు గ్రాములు రాలిపోయినా, దెబ్బ తరువాత తానుగా పైకి లేచే తీరు మారిపోయినట్టు అనుభవం ఉన్న చేతికి వెంటనే తెలుస్తుంది. అనుభవం లేని చేతికి అది తెలియదు, కానీ ఆ చేయి ఆ లోటును పూడ్చడానికి తెలియకుండానే బిగుసుకుంటుంది.

నడుమ భాగంలో గంట్లు అని మీరు రాసినది రిమ్ షాట్ల వల్ల పడినవి. స్నేర్ మీద దెబ్బ కొట్టేటప్పుడు టిప్ హెడ్‌కు, నడుమ భాగం ఇనుప రిమ్‌కు ఒకేసారి తగిలేలా కొడతారు. అందువల్ల అక్కడ కర్ర చితికి, పీచు లేచి, చుట్టూ ఒక నొక్కుడు పట్టీ ఏర్పడుతుంది. ఎంత చితికితే మార్చాలి అన్నదానికి కంటి అంచనా చాలదు, కొలవాలి. కుట్టు పనికి వాడే టేపుతో స్టిక్కును అరగని చోట, అంటే చేతితో పట్టుకునే వైపు, ఒక చుట్టు చుట్టి కొలవండి. చాలా కంపెనీల 5ఏ స్టిక్కు వ్యాసం 14 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది గనుక చుట్టుకొలత ఇంచుమించు 45 మిల్లీమీటర్లు వస్తుంది. తరువాత లేచిన పీచును వేలితో అణిచి, నొక్కుడు పడిన చోట కొలవండి. అక్కడ 37 లేదా 38 మిల్లీమీటర్లకు దిగిందంటే వ్యాసం ఆరో వంతు తగ్గిందన్నమాట. వినడానికి ఇది చిన్న తగ్గుదలే అనిపిస్తుంది, కానీ గుండ్రని కర్ర వంపును తట్టుకునే బలం దాని వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం ఆరో వంతు తగ్గితే ఆ బలం నూటికి 40 పాళ్ళకు పైగానే పోతుంది. పైగా మిగిలినదంతా గట్టి కర్ర కాదు, పై పొరలో పోగులు తెగిపోయి ఉంటాయి. అందుకే అంత అరిగిన స్టిక్కు చూడటానికి దిట్టంగా ఉన్నా, ఒక పాట పతాక స్థాయికి చేరి గట్టిగా కొట్టవలసి వచ్చినప్పుడే రెండు ముక్కలవుతుంది. నా మటుకు నేను 40 మిల్లీమీటర్లకు దిగిన స్టిక్కును కార్యక్రమాలకు తీసుకువెళ్ళను, సాధనకే ఉంచుకుంటాను.

కొన్నిసార్లు ఇవేవీ కనిపించకుండానే లోపల నిలువునా బీట పడి ఉంటుంది. దాన్ని చెవితోనే పట్టుకోవాలి. స్టిక్కును పట్టుకునే కొస నుంచి సుమారు తొమ్మిది సెంటీమీటర్ల దగ్గర బొటనవేలు, చూపుడువేలు మధ్య వదులుగా వేలాడదీసి, నడుమ భాగంలో రెండో స్టిక్కుతో మెల్లగా తట్టండి. బాగున్న కర్ర ఆ చోట పట్టుకున్నప్పుడు ఖంగున మోగుతుంది, ఆ మోత ఒక క్షణం నిలుస్తుంది. బీట ఉన్న కర్ర డొక్కుగా పలుకుతుంది, లేదా మోతతోపాటు సన్నని జిరజిర వినిపిస్తుంది. కుండలు కొనేటప్పుడు మన పెద్దవాళ్ళు వేలితో తట్టి చూసినట్టే ఇదీను. జిరజిర వినిపించిన స్టిక్కును గట్టిగా రెండు చేతులతో కొద్దిగా వంచి, వెలుతురులో పోగుల వెంబడి చూస్తే గీత కనిపిస్తుంది. అది ఎంత సన్నగా ఉన్నా ఆ స్టిక్కుతో ఇక వాయించకూడదు. టిప్ అరిగిన స్టిక్కుకూ షోల్డర్ అరిగిన స్టిక్కుకూ సాధనలో ఏదో ఒక ఉపయోగం దొరుకుతుంది, బీట పడినదానికి ఏదీ లేదు.

వంకర గురించి మాత్రం చాలామంది అవసరానికి మించి ఆందోళన పడతారు. వంటగదిలోని గ్రానైటు గట్టు మీద స్టిక్కును దొర్లించి చూస్తే టిప్ పైకీ కిందికీ ఊగుతుంటే వంకర ఉన్నట్టు. కొత్తది కొనేటప్పుడు అలాంటిది తీసుకోకూడదు. కానీ వాడుతున్న స్టిక్కు కొంచెం వంకర తిరిగినంత మాత్రాన పారేయనవసరం లేదు, వాయింపులో దాని ప్రభావం స్వల్పం.

ఇక మణికట్టు నొప్పి. అరిగిన స్టిక్కులు దీనికి కొంత కారణం కావచ్చు, కానీ మొత్తం నెపం వాటి మీదే వేయలేను. స్టిక్కు పట్టుకునే చోట లక్క పూత అరిగిపోయి, చెమటకు కర్ర నల్లబడి జారుతూ ఉంటే పిల్లలు జారిపోకుండా పిడికిలి బిగిస్తారు. ముందు కొస తేలికైతే దెబ్బకు బలం చాలడం లేదని ముంజేతితో కొడతారు. దెబ్బ తరువాత స్టిక్కు తానుగా లేవనప్పుడు దాన్ని చేత్తో లేపుతారు. ఈ మూడూ కలిసి మణికట్టును అలసిపోయేలా చేస్తాయి. కొత్త జతతో రెండు వారాలు వాయించిన తరువాత నొప్పి తగ్గితే సరే. తగ్గకపోతే పట్టు సరిగా ఉందో లేదో నేర్పేవారికి చూపించాలి. వాయించనప్పుడు కూడా నొప్పి, తిమ్మిరి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఎముకల వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి. పదిహేనేళ్ళ పిల్ల చేతిని స్టిక్కుల ఖర్చుతో పోల్చి చూడకూడదు.

పాత జతను పారేసే ముందు రెండు స్టిక్కులనూ పక్కపక్కన పెట్టి శ్రద్ధగా చూడమని నా ప్రత్యేకమైన విన్నపం, ఎందుకంటే అవి ఎక్కడ అరిగాయన్నది అమ్మాయి ఎలా వాయిస్తోందో చెబుతుంది. కుడి చేతివాటం వాళ్ళకు మామూలుగా కుడి స్టిక్కు షోల్డర్ దగ్గర ఎక్కువగా అరుగుతుంది, అది హై-హ్యాట్ వాయించే చేయి గనుక. ఎడమ స్టిక్కు నడుమన చితుకుతుంది, అది స్నేర్ మీద దెబ్బ వేసే చేయి గనుక. ఇంతవరకు సహజమే, వారం వారం స్టిక్కులను చేతులు మార్చి వాడితే అరుగుదల రెండింటికీ సమంగా పంచబడుతుంది. కానీ కుడి స్టిక్కు షోల్డర్ కంటే కిందికి, నడుమ దాకా హై-హ్యాట్ గాట్లతో నిండి ఉంటే, స్టూలు ఎత్తు సరిపోవడం లేదని అనుమానించాలి. చర్చిలలో ఒకే సెట్టు మీద ముగ్గురు నలుగురు వాయిస్తారు, పొడుగాటి అన్నయ్యకు సరిపెట్టిన స్టూలు, హై-హ్యాట్ స్టాండు ఎవరూ కదపరు. పొట్టిగా ఉన్న పిల్ల అలాగే కూర్చుని వాయిస్తే చేయి హై-హ్యాట్ పైకి చేరక, స్టిక్కు నడుము సింబల్ అంచును రంపంలా రాచుకుంటూ పోతుంది. తొడలు మోకాళ్ళ వైపు కొద్దిగా వాలి ఉండేటంత ఎత్తులో స్టూలు పెట్టి, హై-హ్యాట్‌ను స్నేర్ కంటే జానెడు ఎత్తుకు తెస్తే ఆ అరుగుదల చాలావరకు ఆగిపోతుంది.

క్రాష్ సింబల్ విషయమూ అంతే. దాన్ని ఎత్తుగా, నేలకు సమాంతరంగా బిగిస్తే దాని అంచు నేరుగా స్టిక్కు మీదికి చూస్తుంది. దాన్ని వాయించేవారి వైపు కొద్దిగా వంచి, పైనున్న రెక్క నట్టును సింబల్ స్వేచ్ఛగా ఊగేటంత వదులు చేయాలి. దెబ్బను అంచుకు అడ్డంగా గుద్దకుండా కొంచెం పక్కకు తుడుచుకుపోయేలా వేయమనాలి. దీనివల్ల స్టిక్కులే కాదు, సింబల్ కూడా బీట పడకుండా ఉంటుంది. షోల్డర్ మీద అరుగుదల అంతా ఒకే పక్కన ఉంటే, ఆమె స్టిక్కును ఎప్పుడూ ఒకే పక్క కిందికి వచ్చేలా పట్టుకుంటోందని అర్థం. పాటకూ పాటకూ మధ్య దాన్ని వేళ్ళ మధ్య కాస్త తిప్పుకోవడం అలవాటు చేస్తే చాలు.

మరమ్మతు ఎంతవరకు చేసుకోవచ్చని మీరు అడగలేదు గానీ, అడగవలసిన ప్రశ్నే అది. నడుమ భాగంలో లేచిన పీచు వేళ్ళకు గుచ్చుకుంటుంటే 320 నంబరు గరుకు కాగితంతో పోగుల వెంబడి రుద్ది నున్న చేసుకోవచ్చు. అడ్డంగా రుద్దకూడదు. టిప్‌ను మాత్రం రుద్దవద్దు, రుద్దితే దాని ఆకారం, పరిమాణం మారిపోయి రెండు టిప్‌లు రెండు రకాలుగా పలుకుతాయి. షోల్డర్ చుట్టూ కరెంటు పనికి వాడే నల్ల టేపు చుట్టుకోవడం మన దగ్గర బాగా అలవాటు. కొత్త స్టిక్కుకు ఒక్క చుట్టు చుడితే అరుగుదల తగ్గుతుందన్నది నిజమే, కానీ అది ముందు కొసకు బరువు పెంచుతుంది, హై-హ్యాట్ పలుకును అణచివేస్తుంది, వేసవిలో జిగురు కరిగి సింబల్ అంచుకు అంటుకుంటుంది. బాగా గట్టిగా వాయించే బ్యాండు వాళ్ళకు అది పనికొస్తుందేమో గానీ ఆరాధనలో వాయించే పిల్లకు నేను సలహా ఇవ్వను.

కొత్త జత కొనేటప్పుడు గుంటూరు బ్రాడీపేటలో కొన్నా, విజయవాడ గవర్నర్‌పేట దాకా వచ్చి కొన్నా, కవరు తెరిచి చూడనిచ్చే చోటే కొనండి. అద్దం బల్ల మీద రెండింటినీ దొర్లించండి, ఇందాక చెప్పిన విధంగా వేలాడదీసి తట్టండి. రెండూ దాదాపు ఒకే స్థాయిలో పలకాలి. పేరున్న కంపెనీలు కొన్ని స్టిక్కులను బరువును బట్టి, పలికే స్థాయిని బట్టి జతపరిచే పంపుతాయి. బోస్టన్ సింఫనీ వాద్యబృందంలో టింపనీ అనే పెద్ద డ్రమ్ములు వాయించిన విక్ ఫర్త్ 1963లో స్థాపించిన కంపెనీకి పేరు రావడానికి ఇలా జతపరచడం ఒక కారణం. కర్ర పోగులు ఈ కొస నుంచి ఆ కొస దాకా స్టిక్కు వెంబడి తిన్నగా సాగాలి. మెడ దగ్గర పోగులు ఏటవాలుగా బయటికి తేలిపోతే, ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఆ ఏటవాలు వెంబడే విరుగుతుంది. ఏ కర్రతో చేశారో రాసి ఉండని చౌక స్టిక్కులలో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. హికరీ దెబ్బ అదురును బాగా పీల్చుకుంటుంది గనుక నేర్చుకునే పిల్లలకు అదే మంచిది. మేపుల్ తేలికగా ఉంటుంది గానీ గట్టి వాయింపుకు త్వరగా చితుకుతుంది. ఓక్ ఎక్కువ రోజులు నిలుస్తుంది, కానీ బరువెక్కువ, అదురు చేతికి ఎక్కువగా చేరుతుంది. అమ్మాయి చేతులు చిన్నవైతే, మణికట్టు నొప్పి కూడా ఉంది గనుక, 5ఏ పక్కన 7ఏ జతను కూడా పట్టుకుని చూడమనండి. అది వ్యాసంలో అర మిల్లీమీటరు పైగా సన్నం, పొడవులో అర అంగుళం తక్కువ. త్వరగా విరగకూడదన్న లెక్కతో లావుపాటి 2బీ మాత్రం ఆమెకు కొనవద్దు. రంగు పూసిన స్టిక్కులు పిల్లలకు నచ్చుతాయి గానీ ఆ రంగు హెడ్‌ల మీద, సింబళ్ళ మీద మచ్చలుగా దిగుతుంది, చర్చి సెట్టు మీద అది మర్యాద కాదు.

ఒక స్టిక్కు మాత్రమే పాడైతే రెండోదానికి కొత్తదాన్ని జత చేయవచ్చా అని కొందరు అడుగుతారు. అత్యవసరమైతే తప్ప చేయకూడదు, రెండు చేతులకూ రెండు రకాల బరువు, రెండు రకాల పలుకు వస్తాయి. ఒంటరిగా మిగిలినవాటిని దాచి ఉంచి, చిన్న డిజిటల్ తూకం మీద తూచి, ఇంచుమించు ఒకే బరువున్న రెండింటిని కలిపి సాధనకు వాడుకోవచ్చు.

మన ఊళ్ళ వాతావరణానికీ ఇందులో పాత్ర ఉంది. మే నెలలో కారు డిక్కీలో, స్కూటరు సీటు కింద వదిలేసిన స్టిక్కులలోని తేమ ఆరిపోయి కర్ర పెళుసెక్కుతుంది, నైలాన్ టిప్‌ల అతుకు వదులవుతుంది. వానాకాలంలో తడిసిన సంచిలో ఉంచితే వంకర తిరుగుతాయి. గుడ్డ సంచిలో వేసి, ఇంట్లో ఎండ తగలని చోట పడుకోబెట్టి ఉంచితే చాలు. వాయించిన తరువాత చెమటను పొడి గుడ్డతో తుడిచి పెట్టడం కూడా మరచిపోకూడదు.

ఎప్పుడు వాయించినా అందుబాటులో అదనపు జత ఒకటి ఉండాలి. నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్ము ఫ్లోర్ టామ్ పక్కన, చూడకుండానే చేతికి అందేటట్టు ఆ జత పిడులు పైకి ఉండేలా సంచిలో వేలాడదీయాలి. క్రిస్మస్ ముందు రోజుల్లో, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాల వంటి సందర్భాల్లో గంటల తరబడి వాయించవలసి వచ్చేవారు రెండు మూడు జతలు పెట్టుకుని, పాటల మధ్య వంతులవారీగా మార్చుకుంటూ ఉంటారు. దానివల్ల ఏ ఒక్కటీ మధ్యలో మొరాయించదు. అయితే సరికొత్త జతను అలాంటి రోజున మొదటిసారి తీయకూడదు, ముందుగా ఒకటి రెండు సాధనలలో చేతికి అలవాటు చేసుకోవాలి.

ఇక మీరు వర్ణించిన జత విషయానికి వస్తే, రెండు టిప్‌లకూ పీచు లేచిందని మీరే రాశారు, రైడ్ శబ్దం మసకబారిందో లేదో వచ్చే సాధనలో వినండి. నాకైతే అది మసకబారే ఉంటుందని అనిపిస్తోంది. నడుమ కొలత ఎంత వచ్చినా సరే, ఈ టిప్‌లతో చర్చి సెట్టు మీద ఇక వాయించనివ్వకండి. రెండు జతలు కొనండి, ఒకటి వాడకానికి, ఒకటి సంచిలో ఉండటానికి. పాత జతను తట్టి చూసినప్పుడు ఖంగున మోగితే ఇంట్లో రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ మీద వాడుకోనివ్వండి, ప్యాడ్‌కు ఆ పీచు వల్ల పెద్ద నష్టమేమీ ఉండదు, గరుకు కాగితంతో నడుమ భాగం నున్న చేసి ఇస్తే వేళ్ళకు గుచ్చుకోకుండా ఉంటుంది. జిరజిర వినిపిస్తే మాత్రం ఇంట్లో గానీ చర్చిలో గానీ ఉంచకుండా అక్కడికక్కడే విరిచి పారేయండి, ఆరాధన అయ్యాక సెట్టు చుట్టూ చేరే చిన్నపిల్లలు మొదట చేతికి తీసుకునేవి అలా పక్కన పడి ఉన్న స్టిక్కులే.